అరచేతిలో అమెరికా

"అమెరికా ఎమ్మెస్ మీ ఇంట్లోనే! జీఆర్ఈ అక్కర్లేదు, వీసా అక్కర్లేదు!" అని బోర్డు కట్టిన కన్సల్టెన్సీ వారికి రెండు వీరతాళ్లు వేయాల్సిందే. వీసా ఇవ్వరన్న సంగతిని వీసా అక్కర్లేదని రాయడానికి మామూలు బుర్ర చాలదు.

మనమూ తక్కువవాళ్లం కాదనుకోండి. ఇన్నేళ్లూ పొలం తాకట్టు పెట్టి మనం కొన్నది చదువనా? కొన్నది ఓపీటీ, అంటే చదువయ్యాక అక్కడ పని చేసుకునే అనుమతి. 12 నెలలు, స్టెమ్ కోర్సయితే ఇంకో 24. ఆపైన ఉద్యోగ వీసా కోసం హెచ్-1బీ లాటరీ. వీటన్నిటికీ గేటు దగ్గర చింపించుకునే టికెట్టు ఎమ్మెస్. ఇప్పుడీ ఆన్‌లైన్ డిగ్రీ వచ్చి వీసా, ఓపీటీ, డాలరు జీతం, సంబంధాల బజారులో పెరిగే రేటు అన్నీ ఏరి పక్కన పెట్టి, మిగిలిన చదువును మన చేతిలో పెట్టింది. దాన్నేం చేసుకోవాలో ఇంటిల్లిపాదికీ పాలుపోవడం లేదు.

కన్సల్టెన్సీ కౌన్సిలర్ గారు మాత్రం ధైర్యం చెబుతారు. "ముందు జాయినైపోండి సార్, తర్వాత క్యాంపస్‌కి మార్పించేద్దాం." కానీ అమెరికా నిబంధన ప్రకారం ఎఫ్-1 వీసా మీద చదివే విద్యార్థికి సెమిస్టరుకు ఒక్క ఆన్‌లైన్ క్లాసు, అదీ 3 క్రెడిట్లకు మించకుండా, పూర్తికాల చదువు లెక్కలోకి వస్తుంది. కోర్సు మొత్తం ఆన్‌లైనైతే వీసాకు కావాల్సిన ఐ-20 పత్రం ఇవ్వరు. ఐ-20 లేకపోతే వీసా లేదు, వీసా లేకపోతే ఓపీటీ ఊసే లేదు. 2020 జులైలో, కరోనా నడిమధ్యలో, క్లాసులన్నీ ఆన్‌లైనైన విదేశీ విద్యార్థులు దేశం విడిచి పొమ్మంది అమెరికా సర్కారు. హార్వర్డ్, ఎంఐటీ కోర్టుకెక్కాకే ఆ ఉత్తర్వు వెనక్కి పోయింది. హార్వర్డ్‌కి కోర్టు మెట్లెక్కితే గానీ కాని పనిని మన కౌన్సిలర్ ఫోన్లో చక్కబెట్టేస్తాడు! బ్రిటన్‌లో చదువయ్యాక పని చేసుకోనిచ్చే గ్రాడ్యుయేట్ వీసా కూడా అక్కడికెళ్లి చదివినవాళ్లకే. బోర్డు మీద ఆ దేశం జెండా మాత్రం రెపరెపలాడుతూనే ఉంటుంది.

ఆన్‌లైన్ చదువునూ వీసానూ కలిపి అమ్మిన ఘనులు లేకపోలేదు. అలా అమ్మిన కాలిఫోర్నియాలోని ట్రై-వ్యాలీ యూనివర్సిటీని 2011 జనవరిలో మూయించారు. సగానికి పైగా విద్యార్థుల చిరునామా సన్నీవేల్‌లోని ఒకే ఒక్క అపార్ట్‌మెంటు. ఏ రాష్ట్రంలో ఏ పని చేసుకుంటున్నా కాగితం మీద అందరూ ఆ గదుల్లోనే సర్దుకుపోయారు. మన ఉమ్మడి కుటుంబాలు సిగ్గుపడాలి. ఆ విద్యార్థుల్లో ఎక్కువమంది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పిల్లలే. కొందరి కాళ్లకు జాడ తెలిపే రేడియో పట్టీలు కట్టారు అక్కడి అధికారులు. యూనివర్సిటీ పెట్టినావిడకు 2014లో 16 ఏళ్లకు పైగా జైలుశిక్ష పడింది. పిల్లల్ని అక్కడికి దారి చూపించి పంపినవాళ్లకి ఏమైందంటారా? బోర్డు పేరు మారింది, ఇంకేం కావాలి?

సరే, నిజంగా చదువుకే చేరాడనుకుందాం మన బాబు. న్యూయార్క్‌లో సాయంత్రం 6 గంటల క్లాసు మనకి చలికాలంలో తెల్లవారుజామున 4:30కి. మార్చిలో వాళ్లు గడియారం ముందుకు తిప్పుకుంటే ఇక్కడ 3:30కే లేవాలి. ఇక పరీక్ష ఆన్‌లైన్ నిఘాలో. కెమెరాను గది నాలుగు గోడలకూ తిప్పి చూపించాలి, మంచం కింద కూడా. మధ్యలో నానమ్మ కాఫీ గ్లాసుతో వచ్చిందా, సాఫ్ట్‌వేర్ ఆమెను కాపీ ముఠాలో జమకట్టేస్తుంది. కరెంటు పోతే ఏం చేయాలో ముందే మెయిలు రాసి అడగమని ఏ బ్రోచరూ చెప్పదు. అడిగేవాడు ఫీజు కట్టడని వాళ్ల భయం.

డిగ్రీ చేతికొచ్చాక ఇక్కడ చెల్లుతుందా అన్నది ఇంకో ముచ్చట. విదేశీ యూనివర్సిటీలతో చేతులు కలిపామంటూ కొన్ని ఎడ్‌టెక్ కంపెనీలు అమ్మే డిగ్రీలకు గుర్తింపు లేదని 2023 డిసెంబరులో యూజీసీ హెచ్చరించింది. సర్కారు కొలువో పీహెచ్‌డీయో మనసులో ఉంటే ఆ ప్రశ్న ఫీజు కట్టకముందే తేల్చుకోవాలి. "అక్రెడిటేషన్ ఉంది సార్" అన్న మాట వినగానే మెత్తబడితే కరాచీ కథ గుర్తు చేసుకోండి. 2015లో బండారం బయటపడ్డ ఆ ఊరి ఆక్జాక్ట్ కంపెనీ దొంగ యూనివర్సిటీలతో ఆగలేదు. వాటికి గుర్తింపునిచ్చే దొంగ సంస్థల్నీ తనే పుట్టించింది. అల్లుడినీ, అల్లుడు మంచివాడని చెప్పే సాక్షినీ ఒకే కొట్లో అమ్మింది. అమెరికా విద్యాశాఖ గుర్తింపు జాబితా నెట్‌లో ఉచితంగానే దొరుకుతుంది. ఉచితం కాబట్టే ఎవరూ చూడరేమో.

ఇంతా చెప్పి ఆన్‌లైన్ డిగ్రీలన్నీ బోగస్సంటే నోరు పడిపోతుంది. లండన్ యూనివర్సిటీ తన గడప తొక్కని విద్యార్థులకు 1858 నుంచే పరీక్షలు పెడుతోంది. జార్జియా టెక్ 2014లో మొదలుపెట్టిన ఆన్‌లైన్ కంప్యూటర్ సైన్స్ మాస్టర్స్‌కు మొత్తం ఫీజు దాదాపు 7,000 డాలర్లు. పట్టా మీద ఆన్‌లైన్ అన్న మాటే ఉండదు. దరఖాస్తు ఎవరికి వారే పెట్టుకోవచ్చు, దళారీ అక్కర్లేదు. సీటు దొరకడం కన్నా గట్టెక్కడమే కష్టమని చేరినవాళ్లు చెబుతారు. ఈ పేరు ఏ కౌన్సిలర్ ముందైనా ఎత్తి చూడండి. "అది బాగా టఫ్ సార్, మన బాబుకి సెట్టవదు" అంటూ, తన దగ్గరున్న రంగుల బ్రోచరే మళ్లీ మీ వైపు తోస్తాడు.