నిల్: ఒక ఫిర్యాదుల పెట్టె ఆత్మకథ

పటాన్‌చెరు వైపు ఒక మందుల ఫ్యాక్టరీలో గోడకి వేలాడుతుంటాను. రేకు ఒళ్లు, నీలం రంగు, నెత్తిన సన్నటి చీలిక, పొట్టకి తాళం. తాళంచెవి హెచ్‌ఆర్ మేనేజర్ గారి డ్రాయర్లో ఉంటుంది. ఏడాదంతా నన్ను పట్టించుకునేవాళ్లు ఉండరు కానీ, నివేదికలు రాసే ఏప్రిల్, మే నెలల్లో నాకు ఎక్కడలేని గిరాకీ.

మాది షేర్ మార్కెట్లో నమోదైన కంపెనీ, విలువలో మొదటి వెయ్యిలో ఒకటి. అలాంటివన్నీ 2022-23 నుంచి మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ చెప్పినట్టు, వ్యాపార బాధ్యత, సుస్థిరతల మీద బీఆర్‌ఎస్‌ఆర్ అనే నివేదిక ఇచ్చి తీరాలి. 2012లో మొదటి వంద కంపెనీలతో మొదలైన పాత నివేదిక చాలావరకు అవును, కాదులతో గడిచిపోయేదట. ఇప్పుడు తొమ్మిది సూత్రాలు, వాటి కింద అంకెలడిగే పట్టికలు. మూడో సూత్రం ఉద్యోగుల బాగోగులది. అందులో ఓ ప్రశ్న: పర్మనెంటు కార్మికులకీ, పర్మనెంటు కానివాళ్లకీ బాధ చెప్పుకునే ఏర్పాటు ఉందా? మావాళ్లు రెండింటికీ ‘అవును’ రాసి, పక్కన ‘ఫిర్యాదుల పెట్టె కలదు’ అని చేరుస్తారు. కలదు, నేనే.

కాకపోతే నన్ను తగిలించింది ఆఫీసు బ్లాకులో, బయోమెట్రిక్ తలుపుకి లోపల. కాంట్రాక్టువాళ్లు వెనక గేటు నుంచి వస్తారు. వాళ్ల కార్డుకి ఈ తలుపు తెరుచుకోదు. పెట్టె ఎక్కడుందని ఫారం అడగదు, వీళ్లూ చెప్పరు.

అందుకే నా కడుపులో పడేవి క్యాంటీన్ సాంబారు మీద చీటీలు, చాక్లెట్ కాగితాలు. ఒకసారి ఎవరి చేత వేయించారో గానీ, ఒడియాలో రాసిన కాగితం వచ్చింది. చదివేవాళ్లు లేక ఫైల్లో పెట్టేశారు. ఆ ఏడు పని పరిస్థితుల మీద ఫిర్యాదులు: నిల్. ఆరోగ్యం, భద్రత మీద: నిల్. పక్క ఊరి బడికి బెంచీలిచ్చిన ఫొటో మాత్రం వార్షిక నివేదికలో పూర్తి పేజీ.

ఈ నిల్ అంటే నాకు గౌరవం లేదు. వందలమంది షిఫ్టుల్లో రసాయనాల మధ్య పనిచేసే చోట ఏడాది పొడుగునా ఒక్కరికీ ఏ ఇబ్బందీ రాలేదంటే, చెప్పుకునే దారే లేదని నేను అనుకుంటాను. వచ్చినవి ఇన్ని, తేల్చినవి ఇన్ని, మిగిలినవి ఇన్ని అని ధైర్యంగా రాసే కంపెనీ దొరికితే దాని షేర్లే కొంటాను, పెట్టెలకి డీమ్యాట్ ఖాతా ఇస్తే.

ప్రమాదాల పట్టిక ఇంకా తమాషా. పది లక్షల పనిగంటలకి పనిదినాలు పోగొట్టిన గాయాలెన్నో చెప్పాలి. కాంట్రాక్టువాళ్లనీ కలపాలని కింద చుక్క గుర్తు పెట్టి మరీ రాశారు. మంచి మాటే. కానీ వేలు నలిగినవాణ్ణి కట్టుతోనే మర్నాడు రప్పించి, నా కింది బెంచీ మీద కూర్చోబెడితే పనిదినం పోనట్టే, గాయం లెక్కకి రానట్టే. వాడి కార్డుకి తెరుచుకోకపోయినా ఆ రోజు తలుపు తీస్తారు.

2023లో సెబీ బీఆర్‌ఎస్‌ఆర్ కోర్ తెచ్చింది. కొన్ని ముఖ్యమైన అంకెల్ని బయటివాళ్లు పరీక్షించాలి, ముందు 150 పెద్ద కంపెనీలు, తర్వాత విడతలవారీగా మిగతావి. గాయాల రేటు, లైంగిక వేధింపుల ఫిర్యాదులు అందులో ఉన్నాయి. పని పరిస్థితుల మీద ఫిర్యాదులు లేవు. నా కడుపు తనిఖీకి ఎవరూ రారన్నమాట.

ఈమధ్య హెచ్‌ఆర్‌లో కొత్తగా చేరిన అమ్మాయి ఆ ఒడియా కాగితాన్ని ఒక ఆపరేటర్ చేత చదివించింది. ఓవర్‌టైమ్ డబ్బుల గొడవ. పెట్టెని వెనక గేటు దగ్గరికి మారుద్దామని పట్టుబట్టింది. “రిపోర్టు వెళ్లనీమ్మా. పోయిన ఏడాది నిల్ పక్కన ఈసారి అంకె కనబడితే ఏజీఎంలో వాటాదారులు అడుగుతారు” అన్నారు మేనేజర్ గారు. రిపోర్టు వెళ్లాక మార్చారు.

రెండు వారాలకే నా కడుపు నిండిపోయింది. బల్ల మీద బోర్లించి, మేనేజర్ గారు చీటీల్ని రెండు కుప్పలు చేస్తున్నారు. “గ్లవ్స్ చిరిగాయి, కొత్తవి ఇప్పించండి. ఇది సలహా. ఫ్యాన్ పెట్టించండి. ఇదీ సలహాయే.”

“మూడు నెలల ఓటీ ఇవ్వలేదన్నది ఏ కుప్పలో వేయమంటారు సార్?”

“అది మనకి కాదమ్మా, కాంట్రాక్టరుకి.”