మోకాళ్ల నొప్పికి ప్యాకేజీలా?

మా రోజుల్లో మోకాలు పట్టేసిందని వెళ్తే డాక్టరుగారు ముందు బల్ల మీద పడుకోబెట్టేవారు. చిప్ప చుట్టూ బొటనవేలితో నొక్కుతూ "ఇక్కడా? ఇక్కడా?" అని అడిగేవారు. మడిచి చూసేవారు, చాపి చూసేవారు, లేచి నాలుగడుగులు వెయ్యమనేవారు. ఆర్టీసీలో క్లచ్ తొక్కీ తొక్కీ ఎడమ మోకాలు వాచిన డ్రైవర్లం, మాకు ఆ పరీక్ష కంఠతా వచ్చు. ఇప్పుడు గుమ్మంలోనే ఎమ్మారై ఫిల్మ్ అడుగుతున్నారు. మోకాలి మీద చెయ్యి పడకుండానే "మీ రక్తమే మీకు మందు" అని రాసిన రంగుల కాగితం చేతిలో పెడుతున్నారు. మూడు ఇంజెక్షన్లు కలిపి ప్యాకేజీ అట, డబ్బు ఒకేసారి కడితే తగ్గింపట! వైద్యమా, పండగ బేరమా?

మా వియ్యంకుడికి ఈమధ్యే పీఆర్పీ (ప్లేట్‌లెట్ రిచ్ ప్లాస్మా) ఇంజెక్షన్ చేశారు. నేనూ వెంట వెళ్లాను. చేతి నుంచి రక్తం తీసి, గొట్టంలో పోసి, యంత్రంలో గిరగిరా తిప్పారు. తీసేసరికి ఎర్రకణాలు అడుక్కి దిగి, పైన గడ్డిరంగు ద్రవం తేరి ఉంది. మధ్యన సన్నటి తెల్లపొర. ప్లేట్‌లెట్లు చిక్కగా ఉన్న భాగాన్ని సిరంజిలోకి లాగి మోకీలులోకి ఎక్కించారు. ప్లేట్‌లెట్లు వదిలే పదార్థాలు దెబ్బతిన్న చోట మరమ్మతుకు ఊతమిస్తాయని ఈ వైద్యం చేసేవాళ్ల నమ్మకం. దీనికంటే పాతది ప్రోలోథెరపీ. వదులైన లిగమెంటు ఎముకకు అతుక్కునే చోట మందు ఎక్కించి, కాస్త వాపు రేపి, ఒళ్లే దాన్ని బాగు చేసుకునేలా చేయాలని అమెరికా సర్జన్ జార్జ్ హ్యాకెట్ 1950ల్లోనే రాశాడు. ఇప్పుడు అందులో ఎక్కువగా వాడేది గ్లూకోజు ద్రావణమే.

ఆలోచనలు మంచివే, కాదనను. మరి ఫలితం మాటేమిటి? ఆస్ట్రేలియాలో మోకీళ్లు అరిగిన 288 మందిని తీసుకుని, కొందరికి పీఆర్పీ, కొందరికి ఉత్త సెలైన్, వారానికొకటి చొప్పున మూడు ఇంజెక్షన్లు ఇచ్చారు. ఏడాది తర్వాత చూస్తే నొప్పిలో చెప్పుకోదగ్గ తేడా లేదు. మృదులాస్థి అరగడమూ ఆగలేదు. 2021లో జామా పత్రికలో వచ్చిన సంగతి ఇది. రంగుల కాగితంలో ఆ ముక్క ఏ మూలా లేదు! ఇక మోకాళ్లకు స్టెమ్ సెల్స్ అమ్మేవాళ్ల మీద నాకు ఒళ్లు మండుతుంది. కొన్ని రక్త సంబంధమైన జబ్బులకు తప్ప, పరిశోధన బయట వాటిని చికిత్సగా ఇవ్వకూడదని ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల్లోనే చెప్పింది.

అప్పట్లో అంతా బంగారమని అనడం లేదు. సందు చివరి ఆర్ఎంపీ చేత స్టెరాయిడ్ సూదులు పొడిపించుకుని మర్నాడే డ్యూటీ ఎక్కి, తర్వాత మొహాలు ఉబ్బి, షుగరు తెచ్చుకున్నవాళ్లు మా డిపోలోనే ఉన్నారు. కానీ కీళ్లకు కాలం పడుతుందని అందరికీ తెలుసు. పుత్తూరులో ఆకు పసరు, గుడ్డు సొన పూసి, వెదురుబద్దలు పెట్టి కట్టు కట్టేవాళ్లు కదపొద్దని గట్టిగా చెప్పి పంపేవారు. ఇంట్లో వావిలాకు మరగబెట్టి కాపడం పెట్టేవారు. అరుగుదల దానితో పోదు, బిగుసుకున్న కండ మాత్రం సడలేది. ప్రభుత్వాసుపత్రి ఫిజియోథెరపీ గదిలో మోకాలి కింద తువ్వాలు చుట్ట పెట్టించి, తొడ బిగించి నొక్కమని, అయిదు అంకెలు లెక్కపెట్టేదాకా వదలొద్దనేవారు. తొడ కండ గట్టిపడితే మోకీలుకు భారం తగ్గుతుంది. నేటికీ డాక్టర్లు ముందు చెప్పవలసింది అదే, బరువు తగ్గడంతో పాటు. కానీ దానికి ప్యాకేజీ కట్టలేరు కదా, అందుకే చివర్లో ఒక్క ముక్కలో తేల్చేస్తున్నారు.

వియ్యంకుడికి రెండో ఇంజెక్షన్ ఉంది. వెళ్లేముందు డాక్టరుగారిని రెండు మాటలు అడగమన్నాను: అరుగుదల ఎంతవరకు వచ్చింది, ఉత్త సెలైన్ కంటే ఇది తన మోకాలికి ఏ విధంగా ఎక్కువ పనిచేస్తుంది, కాగితం మీద రాసివ్వమని. రాసిస్తే డబ్బు కట్టమన్నాను.