పాసు లేని కాపురం

మా బిలాస్‌పూర్ తెలుగు ఇళ్లలో పెళ్లిమాటలు మొదలైతే కులం, గోత్రం, కట్నం అయ్యాక తప్పకుండా వచ్చే ప్రశ్న ఒకటుంది. "పాసుందా?" అని. 1887లో బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ పుట్టి ఇటువైపు పట్టాలు పరిచాక, శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లోంచి మా ముత్తాతలు ఖరగ్‌పూర్‌లో కొందరు, బిలాస్‌పూర్‌లో కొందరు దిగిపోయారు. మళ్లీ ఎక్కలేదు. వాళ్ల మునిమనవలం మేం ఇంట్లో ఉత్తరాంధ్ర యాస, బజార్లో ఛత్తీస్‌గఢీ, పనిలో హిందీ మాట్లాడతాం. ఆస్తులంటారా, తాతల నాటి నుంచి మాకున్న ఆస్తి పాసే.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. ఐదేళ్ల సర్వీసు నిండిన గ్రూప్ సి రైల్వే ఉద్యోగికి ఏడాదికి మూడు సెట్లు ఉచిత పాసులిస్తారు. ఆపైన మూడోవంతు చార్జీతో వెళ్లే పీటీఓలు నాలుగు సెట్లు. ఇంటిల్లిపాదీ వెళ్లొచ్చు. నేను పుట్టింది మొదలు పాసు మీదే తిరిగాను. తిరుపతి చూశాను, పూరీ చూశాను, కాశీ చూశాను. టికెట్టు కౌంటరు మాత్రం చూడలేదు. అక్కడ అంతమంది ఎందుకు నిలబడతారో చాలాకాలం నాకు అంతుపట్టలేదు.

మా నాన్న గూడ్సు గార్డుగా రిటైరయ్యారు. రైల్వే క్వార్టరు ఖాళీ చేసి, వచ్చిన డబ్బుతో మోప్కాలో చిన్న ఇల్లు కట్టారు. మోప్కా అంటే సీపత్ రోడ్డు మీద, ఊరు అయిపోయిందనుకున్నాక మళ్లీ మొదలయ్యే చోటు. ఆయన రిటైరయ్యాక, 2022లో, గార్డు అనే పేరు తీసేసి ట్రైన్ మేనేజర్ అని పెట్టారు. ఆ వార్త వచ్చిన పేపరు ముక్క ఆయన దగ్గర ఇంకా ఉంది. మేనేజరు అనిపించుకునే యోగం కాస్తలో తప్పిపోయిందని ఆయన బాధ. ఆ లోటు ఇప్పుడు మా ఇంటిని మేనేజ్ చేసి తీర్చుకుంటున్నారు.

మా ఆవిడది పార్వతీపురం దగ్గర పల్లె. మా మామగారు పిల్లనిచ్చింది నన్ను చూసి కాదు. "రైల్వే కుటుంబం, అమ్మాయి ఎప్పుడు కావాలంటే అప్పుడు వచ్చి పోతుంది" అని ఊరంతా చెప్పుకున్నారట. పెళ్లయిన కొత్తలో ఒకరోజు మా ఆవిడ కాఫీ ఇస్తూ అడిగింది.

"ఏమండీ, పుట్టింటికి పాసు ఎప్పుడు రాయిస్తారు?"

నేను రూలు వివరించాను. చదువుకుంటున్నవాణ్ణో, అంగవైకల్యం ఉన్నవాణ్ణో మినహాయిస్తే, కొడుక్కి ఇరవై ఒకటి దాటాక పాసులో పేరుండదు.

"అయితే మీరు రైల్వేవాళ్లు కారన్నమాట."

"రైల్వేవాళ్ల అబ్బాయిని."

"ఆ తేడా మా నాన్నకి చెప్పారా?"

చెప్పలేదు. ఆయన అడగనూ లేదు. నేను పనిచేసేది ఒక సిమెంటు డీలరు దగ్గర, లెక్కలు రాసే ఉద్యోగం. మా ఆవిడ సాయంత్రాలు వీధిలో పిల్లలకి ట్యూషన్లు చెబుతుంది. రెండు సంపాదనలూ కలిపితే నెల గడుస్తుంది, రైలు ఎక్కాలంటే మాత్రం నెలను కాస్త పిండాలి. ఎలా పిండాలో మాకు నేర్పింది నాన్నే. జన్మలో టికెట్టు కొనని మనిషికి టికెట్టు రూళ్లన్నీ కంఠతా వచ్చు.

ఆయన మొదటి పాఠం లగేజీ. స్లీపర్లో మనిషికి 40 కిలోలు ఉచితం, జనరల్లో 35. చాలామందికి ఇది హెచ్చరిక, ఆయనకి ఇది హక్కు. పుట్టింటికి బయల్దేరుతుంటే మా సంచులు తూకం వేశారు. "ఇద్దరికీ కలిపి 80 కిలోలు. మీది ఇరవై కూడా లేదు. వచ్చేటప్పుడైనా ఖాళీగా రాకండి. మీ మామగారికి ఈ ఏడు పంట బాగుందిట" అన్నారు. వాడని కిలో ఆయన దృష్టిలో రైల్వేకి వదిలేసిన కిలో. మేం బియ్యం, చింతపండు, ఆవకాయ జాడీతో తిరిగొచ్చినప్పుడు ఆయన మా మొహాలకంటే ముందు సంచుల మొహం చూశారు.

ఆ ప్రయాణం లింక్ ఎక్స్‌ప్రెస్‌లో. కోర్బా నుంచి విశాఖ వెళ్లే బండిని మా ఊళ్లో అలాగే అంటారు. సాయంత్రం బిలాస్‌పూర్‌లో ఎక్కితే రాయగడ మీదుగా తెల్లారేసరికి మనవాళ్ల మాటలు కిటికీలోంచి వినిపిస్తాయి. మాకు దొరికింది ఆర్ఏసీ. ఆర్ఏసీ అంటే టికెట్టు మొత్తం, బెర్తు సగం. పక్క వరస కింది బెర్తుని ఇద్దరికి పంచుతారు. మామూలుగా ఆ రెండో మనిషి మనకి తెలియనివాడు, పైగా భారీ మనిషి అయి ఉంటాడు. మా అదృష్టం, ఇద్దరికీ ఒకే బెర్తు పడింది. "చూశావా, కొత్త దంపతులకి రైల్వే వాళ్ల కానుక" అన్నాను. మా ఆవిడ బెర్తు వెడల్పు ఒకసారి, నా వెడల్పు ఒకసారి చూసి ఊరుకుంది.

రాయపూర్ దాకా కాపురం బాగానే సాగింది. అటు తలగడ ఒకరం, ఇటు తలగడ ఒకరం, మధ్యలో నాలుగు కాళ్లు. బండి మలుపు తిరిగిన ప్రతిసారీ ఆమె మెట్టెలు నా చెవి తమ్మెను గీరేవి. పెళ్లిలో ఆ వేళ్లకి ఆ మెట్టెలు తొడిగింది నేనే. అప్పుడు వాటి అంచుల సంగతి చూసుకోలేదు. టిట్లాగఢ్ దాటాక టీసీ వచ్చి, "ఒక పై బెర్తు ఖాళీ అయింది, ఎవరు వెళ్తారు?" అన్నాడు. సినిమాల్లో అయితే భార్యాభర్తలు "నువ్వెళ్లు", "కాదు, మీరెళ్లండి" అనుకుంటారు. మేమిద్దరం ఒక్క గొంతుతో "నేను" అన్నాం. టీసీ పెళ్లయినవాడిలా ఉన్నాడు, మారుమాట లేకుండా బెర్తు నంబరు ఆమె చేతిలో పెట్టాడు. ఆ రాత్రి మేమిద్దరం నిద్రపోయినంత హాయిగా పెళ్లయ్యాక ఏ రాత్రీ నిద్రపోలేదు.

తిండి ఖర్చు అంతకంటే తేలిక. జనరల్ బోగీలు ఆగేచోట ఇప్పుడు చాలా స్టేషన్లలో 20 రూపాయల భోజనం బల్లలు పెడుతున్నారు. ఏడు పూరీలు, బంగాళాదుంప కూర, ఊరగాయ. ఏడు పూరీలూ కలిపి 175 గ్రాములుండాలని రూలు కూడా ఉంది. నాకు ఆ గ్రాములతో పేచీ లేదు, ఆ ఏడుతోనే పేచీ. పొదుపు కోసం మేం ఒక పొట్లమే కొంటాం. ఏడుని ఇద్దరికి పంచితే మూడున్నర. పూరీని సగానికి చింపినప్పుడు ఎప్పుడూ సగానికి చిరగదు, ఒకవైపు ఉబ్బిన పొర అంతా వెళ్లిపోతుంది. ఆరో పూరీ వచ్చేసరికి మా ఇద్దరి మాటలూ తగ్గుతాయి, చేతులు నెమ్మదిస్తాయి. ఆ బేసి సంఖ్య పెట్టినవాడు బ్రహ్మచారి అయి ఉండాలి.

అప్పుడు ఆవకాయ డబ్బా మూత తీస్తుంది మా ఆవిడ. వాసన బోగీ అంతా అలుముకుంటుంది. ఎదురు సీటు మార్వాడీ ఆంటీ ముక్కు ఎగబీలుస్తుంది. "క్యా హై బేటీ?" అనడం, ఒక ముక్క అటు వెళ్లడం, నాలుగు మేథీ పరాఠాలు ఇటు రావడం నిమిషంలో జరిగిపోతాయి. ఏడో పూరీ తగాదా అక్కడితో తీరుతుంది. రూపాయి విలువ పడిపోయిన రోజుల్లోనూ రైల్లో ఆవకాయ మారకపు రేటు చెక్కుచెదరలేదు.

ఇక మా ఇంటి పొదుపుకి ఒక మహాకవి అడ్డుపడ్డ సంగతి చెప్పాలి. 1918లో వచ్చిన రవీంద్రుడి 'పలాతకా' సంపుటిలో 'ఫాఁకి' అనే కవిత ఉంది. అందులో ఒక భర్త జబ్బుగా ఉన్న భార్యని గాలిమార్పుకి తీసుకెళ్తూ, బండి మారడానికి మా బిలాస్‌పూర్ స్టేషన్లో గంటల తరబడి ఆగుతాడు. వెయిటింగ్ రూములో భార్యకి ఒక కూలీ పెళ్లాం రుక్మిణి పరిచయమవుతుంది. కూతురి పెళ్లికి పాతిక రూపాయలు కావాలని గోడు చెప్పుకుంటుంది. ఇచ్చి రమ్మని భార్య భర్తకి చెబుతుంది. ఆయన రుక్మిణిని చాటుకి పిలిచి, బెదిరించి, రెండు రూపాయలు చేతిలో పెట్టి పంపేస్తాడు. భార్యకి మాత్రం ఇచ్చానంటాడు. రెండు నెలలకి ఆమె పోతుంది. ఆ డబ్బు చెల్లించాలని ఆయన మళ్లీ బిలాస్‌పూర్ వస్తే రుక్మిణి ఎక్కడుందో చెప్పేవాళ్లే ఉండరు.

మా వీధిలో ఒక బెంగాలీ వదిన ఈ కథ మా ఆవిడకి చెప్పింది. ఆరోజు నుంచి నా బేరాలకి కాలం చెల్లింది. మోప్కా చౌక్‌లో షేర్ ఆటోవాడితో ఐదు రూపాయల దగ్గర నిలబడితే చాలు, వెనక నుంచి "ఇరవై మూడు!" అని వినిపిస్తుంది. పాతికలోంచి రెండు తీసేయగా మిగిలిన లెక్క అది. ఆటోవాడికి సంగతి తెలియదు, నన్ను అనుమానంగా చూస్తాడు. కూలీకి పది ఎక్కువ పోతుంది, టీ కుర్రాడికి చిల్లర ఉండిపోతుంది. నిజం చెప్పాలంటే ఈ విషయంలో మా ఆవిడదే న్యాయం. మన కడుపు మాడ్చుకుంటే పొదుపు, ఎదుటివాడి కడుపు మాడిస్తే దానికి వేరే పేరుంది. అయినా గురుదేవులు ఆ దంపతుల్ని బిలాస్‌పూర్‌లో కాకుండా ఏ నాగపూర్‌లోనో బండి మార్పించి ఉంటే నాకు ఏడాదికి వందల్లో మిగిలేవి.

మా హనీమూన్ అమర్‌కంటక్. ఊటీ అనుకున్నాం గానీ నాన్న చార్టు వేసి చూపించాక అమర్‌కంటక్ ఎక్కువ పవిత్రంగా అనిపించింది. కట్నీ వైపు వెళ్లే ప్యాసింజరులో జనరల్ టికెట్టు. ఇలాంటి దగ్గరి టికెట్టు కొన్నాక మూడు గంటల్లోపు బండి ఎక్కాలి కాబట్టి, నాన్న మా ఇద్దర్నీ గూడ్సు బండిని సాగనంపినట్టు టైము చూసి సాగనంపారు. ఖోంగ్‌సరా దాటాక అడవి మొదలవుతుంది. భన్వార్‌టోంక్ దగ్గర కొండ, సొరంగం, లోయ. మా ఆవిడ కిటికీ దగ్గర కూర్చుని ఊటీ మాట మర్చిపోయింది. పేండ్రా రోడ్డులో దిగి, జీపులో ఇరుక్కుని కొండెక్కితే ఛత్తీస్‌గఢ్ పోయి మధ్యప్రదేశ్ వస్తుంది. నర్మద పుట్టే కుండం అక్కడే. ధర్మశాలలో బస. గదిలో ఒక మంచం, ఒక కంబళి, ఒక నర్మదామాత పటం. చలికి రాత్రంతా ముగ్గురం మేలుకునే ఉన్నాం.

అక్కడ దారి పక్కన గులేబకావళి అర్కం అమ్ముతారు, కంటి మందు. 1962 సినిమాలో రామారావు తండ్రి చూపు కోసం అంత తిప్పలు పడి తెచ్చిన పువ్వు ఇక్కడ సీసాల్లో పోసి పెట్టి ఉంది. మా ఆవిడ ఒక సీసా కొని నా చేతిలో పెట్టింది. "నా కళ్లకేం?" అన్నాను. "హోటళ్ల బయట బోర్డులు కనిపించడం లేదు కదా, రెండు రోజులుగా పక్క నుంచి నడిపించేస్తున్నారు" అంది. ఆ పూట హోటల్లో పనీర్ తిన్నాం. మందు పనిచేస్తుంది.

ఇప్పుడు ఆమె కన్ను సర్క్యులర్ టికెట్టు మీద పడింది. ఇదీ నాన్న పుణ్యమే. బయల్దేరిన ఊరికే తిరిగొచ్చేలా ఒక చుట్టు గీసి, ఒకే టికెట్టు తీసుకోవచ్చు. దూరం పెరిగేకొద్దీ కిలోమీటరుకి పడే చార్జీ తగ్గుతుంది కాబట్టి విడివిడిగా కొనేదానికంటే చాలా కలిసొస్తుంది. ఆన్‌లైన్లో ఇవ్వరు, దారి రాసి స్టేషన్లో అర్జీ పెట్టుకోవాలి. మధ్యలో ఎనిమిది ఊళ్ల దాకా ఆగొచ్చు. నేను అజంతా, గోవా, హంపీ అని రాసుకున్నాను. మా ఆవిడ ఆ కాగితం తిరగేసి తన జాబితా రాసింది. పార్వతీపురం, విజయనగరం, విశాఖపట్నం, అన్నవరం, రాజమండ్రి, విజయవాడ, తిరుపతి, సికింద్రాబాద్. "ఇందులో చూడ్డానికేముంది?" అంటే, "తిరుపతిలో దేవుడున్నాడు, మిగతా ఏడింటిలో చుట్టాలున్నారు. బస ఖర్చుండదు" అంది. నాన్న ఆ జాబితా చదివి, సర్వీసులో ఎప్పుడూ ఎవరికీ చేయనంత మర్యాదగా కోడలికి పచ్చజెండా ఊపారు.

కాబట్టి పైన చెప్పిన ఏడు ఊళ్లలో ఉన్న మా బంధువులకి మనవి. దసరా సెలవుల్లో దయచేసి ఊళ్లోనే ఉండండి. మేం ఇద్దరమే, ఒక్కోచోట రెండు రోజులకి మించి ఆగం. ఆవకాయ మేమే తెచ్చుకుంటాం.