కడుగు పారబోయకండి

నేను చెప్పబోయే సలహాలు మొదట వింటే ఎవరికైనా తలకిందులుగానే తోస్తాయి. బియ్యం అన్నిసార్లు కడక్కండి, మిట్టమధ్యాహ్నం ఎండలోకి వెళ్ళండి, బాలింతకు పథ్యం పెట్టకండి అంటాను. మా వదిన అయితే "ఇవన్నీ బయట చెప్పకు, నలుగురూ నవ్వుతారు" అంటుంది. నవ్వితే నవ్వనీ. మనిళ్ళలోకి విటమిన్లు రాక కాదు, వచ్చినవాటిని శుభ్రత పేరుతోనో ఆచారం పేరుతోనో మన చేతులతోనే బయటికి పంపుతున్నాం. అది చూస్తూ ఊరుకోవడం నా వల్ల కాదు.

బియ్యం దగ్గర మొదలుపెడతాను. మా అమ్మమ్మ బియ్యం మూడుసార్లు కడిగేది, అదీ రెండు చేతులా పిసికి మరీ. మొదటి కడుగు పాలలా తెల్లగా దిగేది. అది నేరుగా కుడితి తొట్టిలోకి. అన్నం ఉడికాక వార్చిన గంజి కూడా అందులోకే. సాయంత్రం గేదె వచ్చి ముట్టె ముంచి, చెవులు ఊపుకుంటూ తొట్టి అడుగు కనపడేదాకా తాగేది. ఆ గేదె నిగనిగలాడుతూ ఉండేది. అన్నం తిన్న మాకేమో పిల్లలందరికీ నోటి మూలలు పగిలి ఉండేవి.

బి విటమిన్లు నీళ్ళలో ఇట్టే కరిగిపోతాయి. వాటిలో మొదటిది థయామిన్. గింజలో అది ఉండేది పైపొరలోనూ మొలకలోనూ. మిల్లులో పాలిష్ పట్టగానే చాలామటుకు తవుడుతో పోతుంది. మిగిలిన కాస్తా కడుగులోనూ గంజిలోనూ పోతుంది. తిన్న పిండిపదార్థాన్ని ఒంట్లో మండించి శక్తిగా మార్చడానికి థయామిన్ కావాలి. అంటే అన్నం ఎంత ఎక్కువ తింటే అది అంత ఎక్కువ కావాలన్నమాట. ఒంట్లో దాని నిల్వ కొద్ది వారాలకు మించి రాదు. అది అయిపోతే ముందు దెబ్బ తినేవి నరాలు, గుండె. అరికాళ్ళు తిమ్మిరెక్కుతాయి, పిక్కల్లో పట్టు పోతుంది, కొందరికి కాళ్ళు నీరు పట్టి ఆయాసం వస్తుంది. అదే బెరిబెరి.

దీని గుట్టు తెలియడానికి దారి చూపినవి జావాలోని కోళ్ళు. డచ్చి వైద్యుడు ఐక్మన్ దగ్గరున్న కోళ్ళు సైనికాసుపత్రిలో మిగిలిన తెల్లన్నం తిని కాళ్ళు పడిపోయి కూలబడ్డాయి. ఇంతలో కొత్త వంటవాడొచ్చాడు. సైనికుల అన్నం ఈ కోళ్ళకెందుకు పెట్టాలని ఆపేశాడు. ముతక బియ్యం మొదలుపెట్టాక కోళ్ళు లేచి నడిచాయి. ఐక్మన్‌కు 1929లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఇది ఎక్కడో సముద్రం అవతలి కథ అనుకోకండి. మద్రాసు రాజధానిలో బెరిబెరి బాగా పాతుకుపోయినది మన సర్కారు జిల్లాల్లోనే. ఉప్పుడు బియ్యం తినేచోట అది అంతగా కనపడేది కాదు. వడ్లు నానబెట్టి ఉడికించినప్పుడు పైపొరలోని థయామిన్ గింజ లోపలికి ఇంకుతుంది, ఆ తరవాత మరపట్టినా, కడిగినా అంత తేలిగ్గా పోదు. మనవాళ్ళు పచ్చి వడ్లు మరాడించి, తెల్లగా కడిగి, గంజి వార్చి తిన్నారు. కూనూరులో 1918లో బెరిబెరి పరిశోధన కోసం మొదలైన చిన్న ప్రయోగశాలే పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాదుకు వచ్చి, ఈనాటి జాతీయ పోషకాహార సంస్థ అయింది.

కాబట్టి బియ్యం ఒక్కసారి, పిసక్కుండా కడగండి. మట్టీ రాయీ ఉంటే ముందే చెరిగి ఏరుకోండి. అత్తెసరు పెట్టండి. వార్చక తప్పకపోతే ఆ గంజి చారులో కలపండి. పప్పు తొందరగా ఉడకాలని తినేసోడా వేయకండి, అది థయామిన్‌ను చంపేస్తుంది.

ఇక బాలింత పథ్యం. దీని గురించి మాట్లాడేటప్పుడు నాకు గొంతు పెరుగుతుంది, క్షమించండి. ఆకుకూర చలవ, పెరుగు జలుబు, పళ్ళు వాతం, పప్పు అరగదు అని అన్నీ తీసేసి, నెల తిరిగేదాకా తెల్లన్నం, వెల్లుల్లి కారం, పాత చింతకాయ పచ్చడి పెడతాం. తల్లి ఒంట్లో థయామిన్ అడుగంటితే పాలలోనూ ఉండదు. ఆ పాలు తాగే బిడ్డకు రెండు మూడు నెలల వయసులో బెరిబెరి రావచ్చు. ఏడుస్తుంది, గొంతు బొంగురుపోయి ఏడుపు వినపడదు. అప్పటిదాకా బొద్దుగా ఆడుకున్న పిల్ల గంటల్లో గుండె ఆగి పోతుంది. వెనకటి రోజుల్లో అలా పోయిన బిడ్డలకు ఎవరి దిష్టి తగిలిందోనని ఏడ్చారు. సమయానికి గుర్తిస్తే మాత్రం ఒక్క థయామిన్ ఇంజెక్షనుతో కొన్ని గంటల్లోనే తేరుకుంటుంది. మీ ఇంట్లో పురుడు పోస్తే పప్పు పెట్టండి, తోటకూర పెట్టండి, గుడ్డు తినేవాళ్ళయితే గుడ్డు పెట్టండి, జామకాయ కోసివ్వండి. అత్తగారు అలిగితే నా పేరు చెప్పండి.

ఆకుకూర అంటే గుర్తొచ్చింది. ఆరోగ్యానికి మంచిదని నూనె చుక్క వేయకుండా ఉడకేసుకుని తినేవాళ్ళున్నారు. ఆకులోని కెరోటిన్‌ను పేగులు పీల్చుకోవాలంటే కొవ్వు ఉండాలి. ఒక చెంచా నూనెతో తాలింపు పెట్టండి. ఆ కెరోటినే ఒంట్లో విటమిన్ ఎ అవుతుంది. కంటి వెనక పొరలో మసక వెలుతురును పట్టే పదార్థం దాంతోనే తయారవుతుంది. అది తగ్గితే మొదట రేచీకటి. దీపాలు పెట్టే వేళకు పిల్లవాడు ఆట మానేసి గోడ పట్టుకుని నడుస్తున్నాడంటే పిరికివాడని కసరకండి, కళ్ళు చూపించండి. తెల్లగుడ్డు మీద నురుగులాంటి మచ్చ కనిపిస్తే ఇంకా తొందరపడండి. ఆలస్యమైతే నల్లగుడ్డు మెత్తబడి చూపు తిరిగి రాకుండా పోతుంది. ఐదేళ్ళలోపు పిల్లలకు ఆరునెలలకోసారి వేసే విటమిన్ ఎ చుక్కల మందు అందుకే, ఒక్క విడత కూడా తప్పించకండి.

విటమిన్ డికి పొద్దుటి లేత ఎండ మంచిదని అందరూ అంటారు. హాయిగానే ఉంటుంది గాని, ఎముకలకు అంతగా అక్కరకు రాదు. చర్మంలో విటమిన్ డి తయారు చేసే కిరణాలు సూర్యుడు నడినెత్తికి దగ్గర పడ్డప్పుడే ఎక్కువగా దిగుతాయి. మీ నీడ మీకంటే పొట్టిగా ఉన్నప్పుడు ముఖం, చేతులు, కాళ్ళ మీద పది పదిహేను నిమిషాలు ఎండ పడనివ్వండి. నల్లటి ఒళ్ళయితే ఇంకాస్త. రోహిణి కార్తెలో మాత్రం ఈ సాహసం వద్దు. అద్దం కిటికీ వెనక కూర్చుంటే లాభం లేదు, ఆ కిరణాలను అద్దం ఆపేస్తుంది. వారానికోసారి వేసుకోమని రాసిచ్చిన అరవై వేల యూనిట్ల మందును రోజూ వేసుకుని వాంతులతో ఆసుపత్రి పాలైన వాళ్ళున్నారు. సి, బి ఎక్కువైతే చాలామటుకు మూత్రంలో పోతాయి. ఎ, డి అలా పోవు, ఒంట్లోనే పేరుకుంటాయి.

మాత్రల విషయంలోనూ నాది పెడసరమే. పిల్లలు కావాలనుకున్న ఆడపిల్ల నెల తప్పకముందే ఫోలిక్ ఆమ్లం మొదలుపెట్టాలి. బిడ్డ వెన్నుపాము గొట్టం మూసుకునేది మొదటి నాలుగు వారాల్లో, అంటే చాలామందికి నెల తప్పిన సంగతి కూడా తేలని రోజుల్లో. బొంబాయి మిల్లుల్లో పనిచేసే గర్భిణుల రక్తహీనత గురించి లూసీ విల్స్ 1928లో మొదలుపెట్టిన వెతుకులాట ఈ విటమిన్ దాకా వచ్చింది. దాన్ని 1945లో అమెరికాలో తయారు చేసిన బృందానికి పెద్ద మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన అన్నదమ్ములు ఇద్దరు సంగ్రహణితో కొద్ది రోజుల తేడాలో పోయారు, ఆయనకూ ఆ జబ్బు వచ్చింది. తరవాత ఫోలిక్ ఆమ్లం ఆ జబ్బుకే మందయింది.

అంత గొప్ప మందునూ పరీక్ష లేకుండా ఏళ్ళ తరబడి మింగకండి. మా బాబాయి శాకాహారి, పైగా షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడతాడు. ఆ మందు బి12 ఒంటబట్టడాన్ని తగ్గిస్తుంది. నీరసంగా ఉందంటే మందుల షాపులో రక్తం పట్టే మాత్రలని ఫోలిక్ ఆమ్లం ఇచ్చారు. రక్తం పెరిగింది, అందరం సంతోషించాం. బి12 లోటు ఉన్నప్పుడు ఫోలిక్ ఆమ్లం రక్తాన్ని బాగుచేసి జబ్బును కప్పిపెడుతుంది, లోపల నరాలు చెడిపోతూనే ఉంటాయి. కిందటి సంక్రాంతికి బాబాయి మా ఇంటికొచ్చాడు. గుమ్మంలో చూస్తే కుడికాలికి చెప్పు లేదు. వీధి మొదట్లోనే జారిపోయిందట, ఆయనకు తెలియలేదు. కంకర మీద నడిచొచ్చిన అరికాలు చీరుకుపోయి నెత్తురు కారుతోంది, నొప్పి లేదన్నాడు. మర్నాడే పరీక్ష చేయించాం. ఇంజెక్షన్లు మొదలుపెట్టి ఏడాది కావస్తోంది. నడక కుదుటపడింది. తిమ్మిరి మాత్రం ఇంకా పోలేదు, చెప్పులు జారకుండా వెనక పట్టీ ఉన్నవే తొడుక్కుంటున్నాడు.