తొండ గారు పడుకున్నారు

మా అల్లుడు ఫోన్లో గుసగుసగా మాట్లాడితే ఆఫీసులో ఎవరి ఉద్యోగమో ఊడిందనుకునేవాణ్ణి. కాదట. తొండ పడుకుందట.

షికాగో దగ్గర నేపర్‌విల్‌లో వాళ్లిల్లు. డిసెంబరులో, బయట మైనస్ 18 చలిలో మేం దిగీ దిగగానే గుమ్మంలో అతనన్న మొదటి మాట, "మావయ్య గారూ, మెల్లగా. హాల్లో పడుకుంది." పసిబిడ్డ అనుకుని మా ఆవిడ మునివేళ్ల మీద నడిచింది. తీరా చూస్తే ఓ అద్దాల పెట్టె, అందులో చెక్క గుహ, గుహలోంచి బయటికి ఓ తోక. అదీ కొస తెగిన తోక.

బియర్డెడ్ డ్రాగన్ అంటారు దాన్ని. ఆస్ట్రేలియా ఎండు నేలల ప్రాణి. మన కంచె మీద తలాడించే తొండకి చుట్టమే, ఇద్దరిదీ ఒకటే కుటుంబం. కోపమొస్తే గొంతు కింద ముళ్ల తోలు ఉబ్బి నల్లబడుతుంది, అదే గడ్డం. నడినెత్తిన వెలుగును పసిగట్టే మూడో కన్ను కూడా ఉందనగానే మా ఆవిడ దణ్ణం పెట్టేసింది. "తొండ ముదిరితే ఊసరవెల్లంటారుగా, ఇది ముదిరితే ఏమవుతుందయ్యా?" అనడిగింది. "ఊసరవెల్లిది వేరే కుటుంబం అత్తయ్య గారూ," అన్నాడు అల్లుడు, నవ్వకుండా.

ఎవరో అద్దె ఇల్లు ఖాళీ చేస్తూ పెట్టెతో సహా వదిలేసి పోయారట. ఏళ్ల తరబడి యూవీ దీపం లేదు, కాల్షియం లేదు. ఎముకలు మెత్తబడి దవడ వంకరపోయింది. అలాంటి అనాథల్ని చేరదీసే చోటి నుంచి మావాడు తెచ్చుకున్నాడు.

ఈ జాతి వాళ్లని (తొండల్ని కాదు, అల్లుళ్లని) అక్కడ ఇంకా ఇద్దర్ని చూశాను. ముగ్గురూ చిన్నప్పుడు ఊళ్లో తొండ కనిపిస్తే రాయి తీసినవాళ్లే. నలభై దాటాక వడ్డీతో సహా తీరుస్తున్నారు. వంటింట్లో గ్రాముల తూకం, పెట్టెకి ఆ కొసనొకటి ఈ కొసనొకటి థర్మామీటర్లు, ఫోన్లో పిల్లల కంటే తొండ ఫోటోలే ఎక్కువ. మావాడు తన కొలెస్టరాల్ చూపించుకుని నాలుగేళ్లయింది. తొండకి మాత్రం నిద్రకి ముందు డాక్టరు దగ్గర మల పరీక్ష. కడుపులో పురుగులుంటే నిద్రలో ప్రాణం మీదికొస్తుందట. ఆ రిపోర్టు ఇంటి కాగితాల ఫైల్లోనే భద్రం.

ఆ నిద్రని బ్రూమేషన్ అంటారు. శీతకాలంలో ఈ జాతికి వచ్చే మగత. కొన్ని వారాలు, ఒక్కోసారి రెండు మూడు నెలలు తిండి ఉండదు. ఎప్పుడైనా లేచి రెండు గుక్కల నీళ్లు తాగి మళ్లీ పడుకుంటుంది. మేలుకున్న రోజుల్లో దీపం కింద దాని రాయి మీద 40 డిగ్రీలు ఉండాలి, అంటే మా తెనాలి మే నెల. ఆ వేడే దాని జీర్ణశక్తి. వేడి తగ్గితే కడుపులో ఉన్నది అరగదు, కుళ్లుతుంది. అందుకని ముందు పొట్ట ఖాళీ చేయించి, రోజుకింత వెలుగు తగ్గిస్తూ పడుకోబెట్టాడు. ఆ తర్వాత యజమాని చేయాల్సింది ఏమిటయ్యా అంటే, ఏమీ లేదు. ఏమీ చేయకుండా ఊరుకోవాలి.

ప్రాజెక్టు మేనేజరైన మావాడి చేత కాని పని అదొక్కటే.

రాత్రి రెండింటికి లేచి టార్చి వేస్తాడు. డొక్కలు ఎగురుతున్నాయా, కళ్లు లోపలికి పోయాయా అని చూస్తాడు. మా ఆవిడ సంగతి ఇంకా కష్టం. ఇంట్లో ఓ ప్రాణి నెల్లాళ్లు తినకుండా ఉండటం ఆవిడ జన్మలో చూడలేదు. "పోనీ కొత్తిమీర రెబ్బైనా..." అంటుంది. అల్లుడు చేతులు జోడిస్తాడు. కుక్కర్ విజిల్ రద్దయింది, అన్నం గిన్నెలో వార్చాం. సీరియల్లో అత్తగారు నోరు మాత్రమే కదిపింది. ఆవకాయ జాడీ పక్క అరలో దాని ఆహారం, డూబియా బొద్దింకలు, తినేవాడు పడుకోవడంతో పండగ చేసుకున్నాయి.

వారానికోసారి తూకం. అల్లుడి చెయ్యి వణకడం చూసి నేనే పుచ్చుకున్నాను. ముప్పై ఎనిమిదేళ్లు పోస్టాఫీసులో పార్సెళ్లు తూచిన చెయ్యి నాది. మొదటి వారం 418 గ్రాములు. మూడో వారం 411. అల్లుడి మొహం పాలిపోయింది. పదో వంతు తగ్గితే ఆలోచించాలి, ఇది రెండు శాతమైనా లేదని లెక్క వేసి చూపించాను. నమ్మలేదు. "మా పార్సెలు లెక్కలో 500 లోపు అంతా ఒకటే స్లాబు బాబూ," అన్నాక కాస్త కుదుటపడ్డాడు.

ఫిబ్రవరి ఆఖర్లో ఓ ఆదివారం తెల్లవారుజామున నీళ్లకని లేచాను. గుహలోంచి వంకర దవడ బయటికొచ్చి నన్ను చూస్తోంది. ముందు కాలొకటి మెల్లగా పైకెత్తి గాల్లో తిప్పింది. పెద్ద తొండ ఎదురైతే 'నీ జోలికి రాను' అని చెప్పే పద్ధతట అది. నేనూ చెయ్యెత్తాను.

పెట్టె పక్కన సోఫాలో, టార్చి గుండెల మీద పెట్టుకుని, నోరు తెరిచి అల్లుడు నిద్రపోతున్నాడు. తొండ లేచింది కదా అని మా ఆవిడ మూడు నెలల కసితో కుక్కర్ తీసింది. వద్దన్నాను. అల్లుడు నిద్రలేచేదాకా గిన్నెలోనే వార్చమన్నాను.