హనుక్కాను పెద్ద పండుగ చేయకండి

డిసెంబర్ వచ్చిందంటే అమెరికాలో కిండర్‌గార్టెన్ టీచర్లకు ఒకటే హడావుడి. గదిలో ఒక మూల క్రిస్మస్ చెట్టు, ఇంకో మూల తొమ్మిది దీపాల మెనోరా, రెండింటికీ సరిసమానంగా మెరుపు కాగితాలు. న్యూజెర్సీలోనో టెక్సస్‌లోనో చిన్నపిల్లల తరగతుల్లో పనిచేసే మన తెలుగు ఆడవాళ్లు, సాయానికి వెళ్లే తల్లులు ఈ అలంకరణల్లో ముందుంటారు. ఈ సలహాలు వాళ్ల కోసమే. వినగానే తప్పుడు సలహాల్లా అనిపిస్తాయి. అయినా నేను వీటి మీదే నిలబడతాను.

ముందుగా, హనుక్కాను క్రిస్మస్‌కు దీటుగా నిలపాలని చూడకండి. యూదుల ఏడాదిలో అది చిన్న పండుగ. రోష్ హషానా, యోమ్ కిప్పూర్, పస్కా పెద్దవి. ఆచారం పాటించేవాళ్లు ఆ రోజుల్లో పనులు మానేస్తారు. హనుక్కా ఎనిమిది రోజులూ ఉద్యోగాలకు వెళ్లొచ్చి, చీకటి పడ్డాక ఇంట్లో దీపాలు పెట్టుకుంటారు. రోజుకొక కానుక ఇవ్వడమనేది అమెరికాలో క్రిస్మస్ పక్కనే ఉండటం వల్ల పెరిగిన అలవాటు. పాత పద్ధతి పిల్లల చేతిలో నాలుగు డబ్బులు పెట్టడమే. కాబట్టి తరగతిలో కానుకలు పంచకండి. యూదుల పిల్లాడు చిన్నబుచ్చుకుంటాడేమోనని మీరు భయపడవచ్చు. వాడి పండుగను పక్కవాళ్ల పండుగ కొలతతో కొలవడమే వాణ్ణి చిన్నబుచ్చడం. సాధారణంగా సెప్టెంబర్‌లో వచ్చే రోష్ హషానా నాడు, తేనెలో ముంచిన ఆపిల్ ముక్క గురించి నాలుగు మాటలు చెప్పండి. ఆ కుటుంబానికి డిసెంబర్ ఆర్భాటం కన్నా అదే ఎక్కువ మర్యాద.

రెండోది మనవాళ్లకు మరీ కష్టం. "ఇది కూడా మన దీపావళి లాంటిదే" అని పిల్లలకు చెప్పకండి. ఎంత ప్రేమతో చెప్పినా ఆ మాట ఉన్న తేడానంతా తుడిచేస్తుంది. దీపావళి దీపం ఇంటిని, వాకిలిని వెలిగించడానికి, లక్ష్మిని పిలవడానికి. హనుక్కా దీపాన్ని దేనికీ వాడుకోకూడదు. ఆ వెలుగులో చదువుకోకూడదు, కుట్టుపని చేయకూడదు, డబ్బు లెక్కపెట్టుకోకూడదు. అది చూడటానికే. అందుకే మిగతావాటిని వెలిగించడానికి షమాష్ అనే తొమ్మిదో దీపాన్ని విడిగా, చాలావరకు ఎత్తులో, పెడతారు. పనికిరాని దీపం అనే మాట వినగానే అయిదేళ్ల పిల్లలు ప్రశ్నల మీద ప్రశ్నలు వేస్తారు. వేయనివ్వండి. పోలిక చెప్పేస్తే ఆ ప్రశ్నలు పుట్టవు.

దీపాలు పెట్టే వరసను కూడా తేల్చేసి చెప్పకండి. మొదటి రోజు ఒకటి, తర్వాత రోజుకొకటి పెంచుతూ ఎనిమిదో రోజుకు ఎనిమిది, షమాష్ అదనం. మొత్తం పండుగకు 44 కొవ్వొత్తులు కావాలి. ఇది హిల్లెల్ అనే పాత యూదు పండితుడి సంప్రదాయం వాళ్ల పద్ధతి. షమ్మాయి అనే మరో పండితుడి సంప్రదాయం వాళ్లు ఎనిమిదితో మొదలుపెట్టి రోజుకొకటి తగ్గించాలన్నారు. యూదుల ధర్మచర్చల గ్రంథమైన తాల్ముద్‌లో ఈ రెండు వాదాలూ నమోదయ్యాయి. నెగ్గింది హిల్లెల్ వాళ్లదే. ఓడిన వాదాన్ని కూడా పిల్లల ముందు పెట్టండి. ఒక కిటికీకి కాగితపు జ్వాలలు పెంచుతూ, ఇంకో కిటికీకి తగ్గిస్తూ అంటించండి. ఏది బాగుందో వాళ్లు పోట్లాడుకుంటారు. యూదుల చదువు ఇలాగే నడుస్తుంది. మీరేమీ వింత చేయడం లేదు.

ఇక కథ. చాలామంది పిల్లలు భయపడతారని యుద్ధాన్ని వదిలేసి, ఒక్కరోజుకు సరిపోయే నూనె ఎనిమిది రోజులు వెలిగిందని చెప్పి ముగిస్తారు. నేను తలకిందులుగా చెప్పమంటాను: ముందు నిషేధం, తర్వాతే నూనె. నాలుగో ఆంటియోకస్ అనే రాజు, మీ విశ్రాంతి దినం పాటించకూడదు, మీ పద్ధతిలో మొక్కకూడదు అన్నాడు. మోదియిన్ ఊళ్లో మత్తతియా, అతని అయిదుగురు కొడుకులు ఒప్పుకోలేదు. మక్కబీలంటే వీళ్లే. క్రీ.పూ. 164లో ఆ కొడుకులు యెరూషలేము దేవాలయాన్ని శుద్ధి చేసి మళ్లీ ప్రతిష్ఠించారు. 'నీ ఇంటి పద్ధతి మానెయ్' అంటే ఎలా ఉంటుందో, డబ్బాలో ఇడ్లీ తెచ్చుకుని నలుగురి చూపులకీ మూత పెట్టేసే పిల్లకు వివరించనక్కర్లేదు. మక్కబీల మొదటి రెండు గ్రంథాల్లో నూనె మహిమ ప్రస్తావనే లేదు, అది తర్వాత తాల్ముద్‌లో వస్తుంది. మొదటి గ్రంథంలో మాత్రం శత్రుసేన ఏనుగులు, వాటిని తోలే భారతీయ మావటి కనిపిస్తారు. నరకడాలు వదిలేయండి, ఏనుగుల్ని వదలకండి.

డ్రైడెల్ ఆటలో అందరినీ గెలిపించకండి. బొంగరానికి నాలుగు ముఖాలు, ఒక్కోదాని మీద ఒక హీబ్రూ అక్షరం: నూన్ పడితే ఏమీ లేదు, గిమెల్ పడితే కుప్పంతా నీది, హే పడితే సగం, షిన్ పడితే నువ్వే ఒకటి వేయాలి. (ఇజ్రాయెల్ నుంచి తెప్పిస్తే షిన్ బదులు పే అక్షరం ఉంటుంది, కంగారుపడకండి.) ఏడుస్తారని నియమాలు మార్చే టీచర్లున్నారు. మార్చితే ఆటే లేదు. ఎండుద్రాక్షలన్నీ పోగొట్టుకున్న పిల్లాడు కాసేపు ఏడుస్తాడు, మళ్లీ ఆడతాడు. ఏడు ద్రాక్షల్లో సగమెంతో వాళ్లనే తేల్చుకోనివ్వండి, మీరు చెప్పకండి. వేరుశనగలు మాత్రం వద్దు. అలర్జీ సంగతి పంతానికి పోయే విషయం కాదు.

తరగతిలోని యూదుల పిల్లనో పిల్లాణ్ణో నిలబెట్టి "నీ పండుగ గురించి చెప్పు" అనకండి. అయిదేళ్లకే ఒక జాతి మొత్తానికి ప్రతినిధి కావడం ఎవరికైనా బరువే. తనంతట తాను చెబితే సంతోషం. యూదులంటే అమెరికావాళ్లే అన్న అపోహ కూడా తరగతిలో ఉంచకండి. కొచ్చిన్‌లో, ముంబైలో తరాల తరబడి యూదులున్నారు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగే మాట్లాడే బెనే ఎఫ్రాయిమ్ వాళ్లూ ఉన్నారు. ఆ మాట వింటే మన పిల్లల కళ్లు పెద్దవవుతాయి.

ప్రభుత్వ బడిలో హనుక్కా ప్రార్థన చదివించకండి, ఎంత అందంగా ఉన్నా సరే. 1963లో అబింగ్టన్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ప్రభుత్వ బడుల్లో బైబిల్ పఠనంతో రోజు మొదలుపెట్టడాన్ని కొట్టేస్తూ, మతాల గురించి బోధించడం వేరు, మతాన్ని ఆచరించడం వేరు అని తేల్చింది. దీన్ని అడ్డంకిగా చూడకండి. ప్రార్థన ఆ ఇంటివాళ్లది, కథ అందరిదీ.

బడి తేదీల కోసం పండుగను ముందుకో వెనక్కో జరపకండి. యూదుల క్యాలెండర్‌లో కిస్లేవ్ నెల 25న మొదలవుతుంది కనుక ఇంగ్లిష్ క్యాలెండర్‌లో ఏటా కదులుతుంది. అధికమాసాలు తెలిసిన మనకు ఇది కొత్త కాదు. 2024లో మొదటి దీపం డిసెంబర్ 25 సాయంత్రం పడింది, బడులకు సెలవు. అలాంటి ఏడాది తరగతిలో పండుగ నాటకం ఆడకండి, తిరిగొచ్చాక కథ చెప్పండి. 2026లో మొదటి దీపం డిసెంబర్ 4, శుక్రవారం సాయంత్రం. సోమవారం ఉదయం పిల్లలు వచ్చేసరికి ఇళ్లలో మూడు రాత్రుల దీపాలు వెలిగి ఉంటాయి. ఆ రోజు మూడు కాగితపు జ్వాలలతోనే మొదలుపెట్టండి, ఒకటితో కాదు.