సింగిల్ పీసండీ, మళ్లీ రాదు

బహువచనానికి ఇంత బలం ఉంటుందని చిన్నయసూరి కూడా ఊహించి ఉండడు. అమెరికా రాజ్యాంగం రెండో సవరణలో, 1791లో, ‘ఆర్మ్స్’ అని రాసుకున్నారు. ఆయుధం కాదు, ఆయుధాలు. చివర ఆ ‘లు’ ఉంది గనక పౌరుడికి ఒక్క తుపాకీ చాలదు, తుపాకులు కావాలి. తుపాకులు కావాలంటే కొనుక్కోవాలి. కొనుక్కోవాలంటే ‘నెలకి ఒకటే’ అని సర్కారు కొట్టు గుమ్మానికి కర్ర అడ్డం పెట్టకూడదు. ఇంత వ్యాకరణం చెప్పి, పాతికేళ్లుగా ఉన్న కాలిఫోర్నియా ‘నెలకో తుపాకీ’ చట్టాన్ని 2025 జూన్ 20న తొమ్మిదో సర్క్యూట్ అప్పీల్ కోర్టు కొట్టేసింది. మీరు చదివే ఉంటారు.

చట్టాలు పుడతాయి, పోతాయి. దాంతో నాకు పేచీ లేదు. తీర్పులో ఓ పోలిక ఉంది, అదే చేపముల్లులా గొంతులో దిగి కూర్చుంది. నిరసన నెలకి ఒక్కసారే చెయ్యాలంటే ఒప్పుకుంటామా, ప్రార్థన నెలకి ఒక్కసారే అంటే ఒప్పుకుంటామా, మరి తుపాకీ మాత్రం నెలకొకటే అంటే ఎలా అని ధర్మాసనం వారి ధర్మసందేహం. (నిరసన సంగతి వాళ్లు మా ధర్నా చౌక్‌లో అడగకూడదు. నెలకొకటి ఖాయంగా ఇస్తామంటే మావాళ్లు కొబ్బరికాయ కొడతారు.)

ఈ పోలిక నేను ఫోన్లో చదివింది చీరలకొట్లో. ఆషాఢం సేలు. మగవాళ్ల కోసం ఓ మూల నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు వేసి, ఫ్యాను గాలి తగలకుండా జాగ్రత్తపడతారు చూడండి, అక్కడ. ఒళ్లో మూడు సంచులు. ఎదురుగా తెల్ల పరుపు మీద సేల్స్‌మన్ మోకాళ్ల మీద నిలబడి చీర మీద చీర విసురుతున్నాడు. ప్రతిదీ గాల్లోనే మడత విప్పుకుని, అంచు ఇటు, కొంగు అటు, సరిగ్గా మా అత్తగారి ఒళ్లో పడుతోంది. ‘ఒక్కటి చాలు బాబూ’ అందావిడ. ‘ఒక్కటే తీసుకోండమ్మా, ఎవరు వద్దన్నారు? ఊరికే ఇది కూడా చూడండి. సింగిల్ పీసండీ, మళ్లీ రాదు.’ గల్లా దగ్గరికొచ్చేసరికి చీరలు తొమ్మిది.

అప్పుడు తట్టింది. అమెరికావాళ్లకి హక్కుంది, తీర్పొచ్చింది, సరుక్కి కొదవ లేదు. లేనిదల్లా ఈ సేల్స్‌మనే. ఈయన్ని ఎలాగోలా కాలిఫోర్నియా పంపామనుకోండి. (వీసా సంగతి తర్వాత చూద్దాం.)

వెళ్లగానే అద్దాల కౌంటరు పీకించేస్తాడు. అద్దం కింద తాళం వేసి పెడితే సరుకెలా కదులుతుంది? తెల్ల పరుపులు, బాలీసులు, చెప్పులు బయట, ‘సార్‌కి మజ్జిగ’ అని ఒక కేక. గ్లాకులూ బెరెట్టాలూ స్మిత్ అండ్ వెస్సన్లూ బొత్తులు బొత్తులుగా దించుతాడు. ‘చూడ్డానికి డబ్బుల్లేవు సార్, చేత్తో పట్టుకోండి. ఇది డైలీ వేర్, నడుముకి తేలిగ్గా ఉంటుంది. ఇది ఫంక్షన్లకి. మేడంకి ఇందులోనే లైట్ కలరుంది. ఇవి పెట్టుబడికి సార్, ఎవరికైనా పెట్టొచ్చు, చూపులకి భారీగా ఉంటాయి, రేటు తక్కువ.’

పెట్టుబడికి అక్కడ అభ్యంతరమేమీ లేదు. కొట్లో తుపాకీ కొనే ప్రతివాడూ నింపే ఫారం 4473లో ‘దీన్ని నిజంగా కొంటున్నది మీరేనా’ అని అడుగుతారు. అర్థం కానివాళ్లకి, మన చిన్నప్పటి కథల్లో రామయ్య సోమయ్యల్లాగా స్మిత్, జోన్స్, బ్రౌన్, బ్లాక్ అని నలుగురు పెద్దమనుషుల్ని పెట్టి వివరిస్తారు. స్మిత్ డబ్బులిచ్చి జోన్స్ చేత కొనిపిస్తే నేరం. బ్రౌన్ తన డబ్బుతో కొని బ్లాక్‌కి కానుకగా ఇస్తే తప్పులేదు. చీర పెట్టినట్టే. బ్లాక్ గారు తుపాకీ పట్టకూడని మనిషని బ్రౌన్ గారికి తెలియకుండా ఉంటే చాలు, తాంబూలం పుచ్చుకోవచ్చు.

మిగతా ప్రశ్నలూ ముచ్చటైనవే. ‘మీరు చట్టానికి దొరక్కుండా పారిపోయి తిరుగుతున్నారా?’ అవును, కాదు. ‘ఏదైనా పెద్ద నేరానికి పనికొచ్చేలా దీన్ని ఇంకొకరికి చేరవేసే ఉద్దేశం ఉందా?’ అవును, కాదు. మన పిల్లలు వీసా ఫారంలో ‘ఉగ్రవాదం కోసం వస్తున్నారా’ అన్న గడిలో ‘నో’ కొట్టినట్టే వాళ్లూ కొడతారు. నిజాయితీపరుడైన దొంగ ఒక్కడు తగిలినా ఆ ఫారం జన్మ తరించినట్టే.

మా సేల్స్‌మన్‌కి బాగా నచ్చేది ఇంకో గడి. మొత్తం ఎన్ని తుపాకులో అంకె వెయ్యకూడదు, అక్షరాల్లో రాయాలి. ‘అక్షరాలా ఇరవై తుపాకులు మాత్రమే.’ చెక్కుబుక్కు తర్వాత ఇంత పద్ధతి నేనెక్కడా చూడలేదు. ఒకటైనా ఇరవై అయినా ఒక్క బేరానికి కొనేవాడి మీద వాకబు ఒక్కసారే, అదీ చాలాసార్లు నిమిషాల్లో. బిల్లు ఒకటే, సంచులే వేరు. వాకబుకి మూడు పని దినాల్లో జవాబు రాలేదా, ఫెడరల్ చట్టం ప్రకారం కొట్టువాడు సరుకు ఇచ్చేయవచ్చు. ‘బ్లౌజు కుట్టి రాలేదని చీర ఆపుతామాండీ’ అంటాడు మావాడు.

చిక్కల్లా ఆఫర్ దగ్గరొస్తుంది. ‘ఒకటి కొంటే ఒకటి ఉచితం’ అని బోర్డు కట్టించాడనుకోండి. వరసగా అయిదు పని దినాల్లో ఒకే మనిషికి ఒకే కొట్టు రెండు చిన్న తుపాకులు, పిస్తోళ్లు గానీ రివాల్వర్లు గానీ, ఇచ్చిందంటే 3310.4 అని ఇంకో ఫారం నింపి ఆ రోజు కొట్టు కట్టేలోపు పంపాలి. ‘రెండోది మేం అమ్మలేదు కదండీ, ఊరికే ఇచ్చాం’ అని మావాడు వాదిస్తాడు. చెల్లదు. ఆ ఫారం పేరులోనే ‘అమ్మకం’ పక్కన ‘లేదా ఇంకోరకంగా ఇవ్వడం’ అని ఉంది. మన ఆషాఢం ఆఫర్ని వాషింగ్టన్ పెద్దలు ముందే కనిపెట్టి కూర్చున్నారు.

కంగారు పడకండి. ఈ ఫారం ఎవర్నీ ఆపదు. కొన్నవాడు దాని మీద సంతకం కూడా పెట్టక్కర్లేదు. తుపాకులు కారెక్కి వెళ్లిపోయాక కొట్టువాడు తీరిగ్గా నింపుకోవచ్చు. ఇది శుభలేఖ కాదు, పెళ్లయ్యాక పంపే ఫొటో.

ఆ ఫొటో కూడా వద్దనుకునేవాళ్ల కోసం మావాడు పంచాంగం తీస్తాడు. ‘ఈ సోమవారం ఒకటి పట్టుకెళ్లండి సార్. మంగళ, బుధ, గురు, శుక్ర వర్జ్యం. మళ్లీ సోమవారం దివ్యంగా ఉంది, రెండోది అప్పుడు.’ అయిదు పని దినాలు దాటాయి, ఫారం లేదు. అంత ఆగలేనంటే పక్క కొట్టు బావమరిదిది, ఎదురు కొట్టు తోడల్లుడిది. లెక్క కొట్టుకి గానీ మనిషికి కాదు. వీధి పొడుగునా కొట్టుకొకటి చొప్పున కొనుక్కుంటూ పోతే వీధి చివరికి పిస్తోళ్లు అయిదు, 3310.4లు సున్నా.

సరే, పద్ధతైన మనిషి ఒకడొచ్చాడు, ఫారం నింపారు. ఒక ప్రతి ఫెడరల్ వాళ్లకి, వెస్ట్ వర్జీనియాలోని మార్టిన్స్‌బర్గ్‌కి పోతుంది. మూతబడిన తుపాకీ కొట్ల పాత లెక్కలన్నీ చేరేది కూడా ఆ ఊరికే. వాటిని బొమ్మలుగా స్కాన్ చేసి పెట్టుకోవచ్చు గానీ, పేరు కొట్టి వెతకడానికి లేదు. నేరం జరిగిన చోట తుపాకీ దొరికితే తయారీదారుని అడిగి, అతని దగ్గర కొన్న హోల్‌సేలర్‌ని అడిగి, ఆయన చెప్పిన కొట్టు పట్టుకుని, అది మూతబడి ఉంటే ఈ గుట్టలో పేజీ పేజీ తిప్పాలి. పోయిన సంక్రాంతికి ఫలానా నెమలికంఠం చీర కొన్నదెవరో చెప్పమంటే మా కొట్లో గుమాస్తా ఇంతకంటే త్వరగా చెబుతాడు.

రెండో ప్రతి రాష్ట్ర పోలీసులకో, ఊరి పోలీసులకో. ఇక్కడ నా కలం కాసేపు ఆగింది. కొన్నవాడు కొనకూడని మనిషని తేలితే తప్ప, ఆ కాగితం అందిన ఇరవై రోజుల్లోపు పోలీసులు దాన్ని నాశనం చెయ్యాలి. చేసి, ‘నాశనం చేశాం’ అని ఆర్నెల్లకోసారి అటార్నీ జనరల్‌కి ధ్రువీకరించాలి. కాగితం చింపినందుకు కాగితం! మన రెవెన్యూ శాఖవాళ్లు కూడా ఇంతెత్తుకి ఎదగలేదు. వాళ్లు ఫైలు పోయిందంటారు గానీ, పోగొట్టినట్టు సర్టిఫికెట్ ఇవ్వరు. మా సేల్స్‌మన్ మాత్రం ఇదంతా బిల్లు వెనకాల చిన్నక్షరాల్లో ఉండే నిబంధన అనుకుంటాడు: ఇరవై రోజుల తర్వాత ఫిర్యాదులు స్వీకరించబడవు.

బ్రాంచి ఎక్కడ పెట్టాలన్నది మిగిలింది. మనవాళ్లు దండిగా ఉన్న వర్జీనియా మీద ఆయనకి గురి లేదు. ఆ రాష్ట్రం ‘నెలకొకటి’ చట్టాన్ని 1993లో కట్టుకుంది, 2012లో వదిలేసింది, 2020లో మళ్లీ కట్టుకుంది. తన దగ్గర గుత్తగా కొన్న పిస్తోళ్లు న్యూయార్క్ నేరాల్లో తేలుతున్నాయన్న గొడవ మొదటి పెళ్లికి కారణం. విడాకులకి కారణం మీరే ఊహించుకోండి. పోనీ హైదరాబాద్‌లో పెడదామా అంటే, మన ఆయుధాల చట్టానికి 2019 సవరణ తర్వాత మనిషికి రెండు తుపాకులే. ఎన్నికలొస్తే అవీ స్టేషన్లో అప్పజెప్పాలి. ఇక్కడికి చీరలే నయం. కాలిఫోర్నియాయే ఖాయం.

ఖాయమే గానీ, బిల్లు కట్టేటప్పుడు మాటల్లో తెలిసింది: ఆయన పెద్దకొడుక్కి టెక్సస్‌లో ఎమ్మెస్ సీటొచ్చింది. ఐ-20 చేతిలో ఉంది, వీసా స్లాటు దొరకడం లేదు. తీర్పుకి రెండు రోజుల ముందు, జూన్ 18న, అదే దేశం చెప్పింది కదా, విద్యార్థి వీసా అడిగేవాళ్లంతా తమ సోషల్ మీడియా ఖాతాల తలుపులు బార్లా తీసి పెట్టాలని. అయిదేళ్లుగా వాడిన ఖాతాల పేర్లన్నీ ఫారంలో రాయాల్సిందే. ఇరవై రెండేళ్ల పిల్లాడు పద్దెనిమిదో ఏట పెట్టిన మీమ్‌కి ఇప్పుడు సంజాయిషీ వెతుక్కుంటున్నాడు. అది చూసి ఇరవై రోజుల్లో చింపేస్తామని ఎవరూ అనలేదు. ఆ దేశంలో ఎవరి దగ్గర ఏ తుపాకీ ఉందో చెప్పే కేంద్ర రిజిస్టరు మాత్రం ఉండకూడదు. 1986 నుంచి చట్టమే ఒప్పుకోదు.

ఇంక నవ్వడం నావల్ల కాదు.

ప్రార్థనతో పోల్చారు కదా. 2015 జూన్ 17న సౌత్ కరోలినా చార్ల్‌స్టన్‌లో, ఇమాన్యుయెల్ చర్చిలో బైబిల్ చదువుకుంటున్న తొమ్మిది మందిని ఒకడు కాల్చి చంపాడు. వాడి మీద వాకబుకి మూడు రోజుల్లో జవాబు తేలలేదు, కొట్టువాడు పిస్తోలు ఇచ్చేశాడు. అది జరిగి పదేళ్లు నిండిన మూడో రోజున తీర్పిస్తూ, పోలికకి మీకు ప్రార్థనే దొరికిందా? మా అత్తగారు నెలకి ముప్పై రోజులూ గుడికెళ్తుంది, ఎవరు చచ్చారు? ధర్నా చేస్తే ట్రాఫిక్ ఆగుతుంది. బస్సు తప్పిపోతుంది. అంతకంటే ఏమవుతుంది? హక్కుని హక్కుతో తూచేముందు ఆ హక్కు అవతలి కొసన ఎవరు నిలబడి ఉన్నారో ఒక్కసారి తొంగి చూడక్కర్లేదా? అక్కడ నిలబడేవాళ్లలో మా పిల్లలున్నారు. గ్యాస్ స్టేషన్లలో, స్టోర్లలో, రాత్రి షిఫ్టులో, గల్లాపెట్టె వెనకాల, ఫీజు వాయిదా కోసం.

మా వీధిలో ఓ ఇంట్లో నీలం రంగు బటన్ ఫోల్డర్ ఉంది. పిల్లాడు వెళ్లేటప్పుడు అందులో ఐ-20, బ్యాంకు లోను కాగితాలు, టెన్త్ మార్కుల లిస్టు ఉండేవి. వాడు తిరిగొచ్చాక వేరే చేరాయి: మరణ ధ్రువపత్రం, ఎంబామింగ్ చేసినట్టు సర్టిఫికెట్, అంటురోగం లేదని ఉత్తరం, రద్దు ముద్ర కొట్టిన పాస్‌పోర్టు, కాన్సులేటు నిరభ్యంతర పత్రం, పెట్టెలో ఇంకేమీ లేదని ప్రమాణ పత్రం. ఏ ఒక్కటి తగ్గినా విమానం ఎక్కించరు. ఆ రాత్రి స్టోరులోకి వచ్చినవాడి చేతిలో పిస్తోలు మొదట కొన్నదెవరో, దాంతోపాటు ఆ వారం ఇంకెన్ని కొన్నాడో, దానికంటూ ఓ కాగితం పుట్టిందో లేదో, పుడితే ఎన్ని రోజులు బతికిందో, అది మాత్రం ఆ ఫోల్డర్లో లేదు.

ఆ తండ్రి ముప్పై ఏళ్లు రైల్వే పార్సిల్ ఆఫీసులో చేసిన మనిషి. విమానం కార్గో బిల్లు తీసి నా ముందు పెట్టారు. ఇలాంటి గళ్లు ఆయన జీవితంలో వేలల్లో నింపి ఉంటారు. ఒక గడి మీద వేలు పెట్టారు. ‘నంబర్ ఆఫ్ పీసెస్’. దాని కింద 1 అని టైపు కొట్టి ఉంది.

‘కరెక్టే వేశారండీ,’ అన్నారు. ‘మాకు వాడొక్కడే.’